అంతస్తుల సేద్యమునకు సూర్యుడు చాలునా?

గత సంవత్సరము సికింద్రాబాదులోని ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకు నేను న్యాయనిర్ణేతగా పోయియుంటిని. అచ్చట పదవ తరగతి విద్యార్థులు నలుగురు కూడి చేసిన ఒక నమూనా అందరి చూపును ఆకర్షించుచుండెను. అట్టతో కట్టిన చిన్న మేడ. దాని కప్పుపై ఒక సౌరఫలకము. లోపల ఐదు అరలలో మెంతికూర మొలకలు. ప్రతి అరపైన ఎరుపు, నీలి రంగుల చిన్న ఎల్.ఇ.డి. దీపములు. “ఇక పొలముతో పని లేదు, మట్టితో పని లేదు, వానతో పని లేదు. సూర్యుడిచ్చు విద్యుత్తుతో నగరమే తన కూడు తాను పండించుకొనును” అని బాలుడొకడు చక్కని తెలుగులో వివరించినాడు. నేను ఆ నమూనాకు ప్రథమ బహుమతి వ్రాసితిని.

ప్రదర్శన గది లోపలనుండుటచే ఆ ఫలకముపై ఎండ పడదు. అందుచేత పిల్లలు దానిపై ఒక టేబులు లాంపును వంచి పెట్టి, ఆ లాంపు తీగను గోడకున్న ప్లగ్గులో పెట్టినారు. లాంపు వెలుగు ఫలకముపై పడును. ఫలకము విద్యుత్తు నిచ్చును. ఆ విద్యుత్తు దీపములను వెలిగించును. ఆ వెలుగు మొక్కలపై పడును. నేను కదలబోవుచుండగా వెనుక నిలుచున్న ఏడవ తరగతి బాలిక యొకతె మెల్లగా అడిగినది: “సార్, ఆ లాంపునే మొక్కల మీద పెట్టొచ్చు గదా?” నేను నవ్వి ముందుకు సాగితిని. ఆ నవ్వు నా పొరపాటు. ఆనాటి ప్రదర్శనలో అసలైన శాస్త్రప్రశ్న వేసినది ఆ బాలిక. ఆ ప్రశ్నకు ఆలస్యముగనైనను సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఆలోచన ఎచ్చటినుండి వచ్చినది?

మట్టి లేకుండ పోషక లవణములు కలిపిన నీటిలో పైరు పెంచుట క్రొత్త విద్య కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గెరికె పండితుడు 1930 ప్రాంతములలో దీనిని ప్రయోగశాలనుండి పెరటిలోనికి తెచ్చినాడు. 1937లో ఈ విద్యకు ‘హైడ్రోపోనిక్స్’ అను పేరు వాడుకలోనికి వచ్చినది. మన దేశమున 1946లో వంగరాష్ట్రపు కాలింపాంగులో షోల్టో డగ్లస్ అను నాతడు సామాన్య రైతునకు కూడ అందుబాటులో ఉండునట్లు చౌక పద్ధతి నొకదానిని రూపొందించినాడు. ఆ పైరులన్నియు ఆరుబయట ఎండలోనే పెరిగినవని విద్యార్థులు గమనింపవలెను. నీటిసేద్యము వేరు, దీపపు సేద్యము వేరు. ఈ రెంటిని కలగాపులగము చేయుటనుండియే సగము భ్రమ పుట్టుచున్నది.

మూసిన భవనములో, అరపై అర పేర్చి, కృత్రిమ కాంతితో పండించు ఆలోచనకు లోకవ్యాప్తమైన ప్రచారము కలిగించినవాడు కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డిక్సన్ డెస్పొమ్మియర్. ఆయన పరాన్నజీవ శాస్త్రజ్ఞుడు. 1999లో ఆయన విద్యార్థులు మన్‌హాటన్ మేడలపై తోటలు వేసినచో ఎందరికి తిండి దొరకునని లెక్క వేయగా, అచ్చటి జనాభాలో నూటికి ఇద్దరికి మాత్రమే చాలునని తేలినది. కప్పు చాలనిచో కప్పు క్రింది అంతస్తులను వాడుకొందమని ఆయన ఆలోచించినాడు. 2010లో ‘ది వర్టికల్ ఫామ్’ అను గ్రంథమును ప్రకటించినాడు. పొలములనుండి కొట్టుకొనిపోవు ఎరువుల వలన నీరు చెడుట, మురుగు నీటి సేద్యము వలన రోగములు వ్యాపించుట, సేద్యమునకు మంచినీరు అపారముగా ఖర్చగుట — ఈ విషయములను ఆయన ఒక వైద్యుని దృష్టితో చూచినాడు. మూసిన గదిలో ఆకులు ఆవిరిగా విడిచిన నీటిని తిరిగి పట్టి వాడుకొనవచ్చును గనుక, పొలమునకు కావలసిన నీటిలో పదవ వంతుతోనే పంట వచ్చుననుటలో అబద్ధము లేదు. పురుగుమందు అక్కరలేదనుటయు నిజమే. కాని నీటి విషయమున చూపిన శ్రద్ధను ఆయన శక్తి విషయమున చూపలేదు. ఆ గ్రంథమును చదివి ముగ్ధులైనవారు ఆ లోపమును “సౌరవిద్యుత్తు” అను ఒక్క మాటతో పూడ్చుచున్నారు. ఆ మాట ఎంత బరువు మోయగలదో చూతము.

తలచుట్టు తిప్పి ముక్కు చూపుట

ఆకుపై ఎండ పడినప్పుడు జరుగు కిరణజన్య సంయోగక్రియకు మనము కంటితో చూడగల కాంతియే పనికివచ్చును. ఎండలోని మొత్తము శక్తిని 100 పాళ్లనుకొన్నచో అందు అట్టి కాంతి సుమారు 45 పాళ్లుండును. మిగిలినది ముఖ్యముగా పరారుణ కిరణముల రూపమున ఉండును.

ఇప్పుడు అదే ఎండను ఫలకముపై పడనిత్తము. నేడు మార్కెట్టులో దొరకు మంచి ఫలకము 100 పాళ్లలో సుమారు 20 పాళ్లను విద్యుత్తుగా మార్చును. ఎండవేడిమి, దుమ్ము, తీగలు, ఇన్వర్టరు — వీనిలో కొంత పోగా 16 పాళ్లు మిగులును. ఎల్.ఇ.డి. దీపము తాను పుచ్చుకొన్న విద్యుత్తులో రమారమి 55 శాతమును కాంతిగా విడుచును. అనగా మొక్కకు చేరునది 9 పాళ్లు. తిన్నగా పడిన ఎండలో 45. ఫలకము చుట్టు తిప్పి తెచ్చిన వెలుగులో 9.

“దీపములు పత్రహరితమునకు ఇష్టమైన ఎరుపు, నీలి రంగులనే ఇచ్చును గదా, ఎండలోని రంగులన్నియు మొక్కకు అక్కరకు రావు గదా” అని ఇచ్చట కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణలో కొంత సత్యము కలదు. ఎరుపు కాంతికణమున శక్తి తక్కువగుటచే అదే శక్తికి కణములు ఎక్కువ వచ్చును. ఆ లాభమును కలిపి లెక్కించినను వ్యత్యాసము ఐదు రెట్లనుండి నాలుగు రెట్లకు తగ్గును గాని మాయము కాదు. శక్తి ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారిన ప్రతి పర్యాయము కొంత ఉష్ణముగా చెదరిపోవును. ఇది ఉష్ణగతిశాస్త్రపు రెండవ నియమము. ఏ పనివాని నేర్పును దీనిని దాటలేదు. ముక్కు ఎక్కడనగా తలచుట్టు చేయి త్రిప్పి చూపినట్లున్నది ఈ ప్రయాణము. ఏడవ తరగతి బాలిక అడిగిన దిదియే.

ఒక కప్పు, ఐదు అరలు

ఇక మేడ లెక్క. హైదరాబాదు, సికింద్రాబాదు ప్రాంతమున సంవత్సరపు సగటున చదరపు మీటరు నేలపై దినమునకు సుమారు 5.5 యూనిట్ల సౌరశక్తి పడును. పై లెక్క ప్రకారము చదరపు మీటరు ఫలకమునుండి దినమునకు 0.88 యూనిట్ విద్యుత్తు వచ్చును. 100 చదరపు మీటర్ల కప్పును సందు లేకుండ ఫలకములతో కప్పినచో 88 యూనిట్లు.

సలాడు ఆకులవంటి పైరునకు చదరపు మీటరునకు దినమునకు సుమారు 15 మోలుల కాంతికణములు కావలెను. రసాయనశాస్త్రమున అణువులను మోలులలో లెక్కించినట్లే ఇచ్చట కాంతికణములను లెక్కింతుము. మేలైన ఎల్.ఇ.డి. దీపము ఒక యూనిట్ విద్యుత్తునకు 11 మోలులకు మించకుండ ఇచ్చును. అనగా దీపములకే దినమునకు 1.4 యూనిట్లు కావలెను. దీపమునకు పోసిన విద్యుత్తంతయు తుదకు ఆ మూసిన గదిలో వేడిగా మారును. ఆకులో నిలువయగునది స్వల్పము. ఆ వేడిని వెలుపలికి తోడి పోయుటకు శీతలయంత్రము సుమారు మూడవ వంతు విద్యుత్తును అదనముగా తినును. పంపులు, పంఖాలు కలిపి చదరపు మీటరు అరకు దినమునకు 2 యూనిట్లనుకొందము. మే మాసపు ఎండలో ఇది ఇంకను పెరుగును.

మేడ నేల 100 చదరపు మీటర్లు. నడిచే దారులు పోగా 60 మీటర్లలో ఐదు అరలు. మొత్తము 300 చదరపు మీటర్ల పైరు. కావలసినది దినమునకు 600 యూనిట్లు. కప్పు ఇచ్చునది 88. అనగా ఏడింట ఒక వంతు. మిగిలిన ఆరు వంతులకు ఇట్టి కప్పులే ఇంక ఆరు కావలెను. అరలు పెంచిన కొలది ఈ లోటు పెరుగును గాని తగ్గదు. ఏలననగా అరలు ఎన్ని పెంచినను కప్పు ఒక్కటే. డెస్పొమ్మియర్ విద్యార్థులను 1999లో నిరాశపరచిన కప్పే, అంతస్తులు కట్టిన తరువాత విద్యుత్తు రూపమున తిరిగి ఎదురగుచున్నది.

వరి మాట

ఇంతవరకు చెప్పినది ఆకుల మాట. సలాడు ఆకులో నూటికి 95 పాళ్లు నీరే. అట్టి ఆకు ఒక కిలోకు సుమారు 10 యూనిట్లు ఖర్చగును. ధర పలికిన చోట ఇది గిట్టుబాటు కావచ్చును. కాని మనిషి కడుపు నిండునది ఆకుతో కాదు.

ఒక కిలో బియ్యమున సుమారు 3,600 కిలోకేలరీల శక్తి కలదు. 860 కిలోకేలరీలు ఒక యూనిట్ గనుక అది 4.2 యూనిట్లు. దీపము విద్యుత్తులో 55 శాతమును కాంతిగా ఇచ్చుననియు, ఆ కాంతిలో 5 శాతము మొక్క శరీరముగా నిలుచుననియు, అందు సగము గింజ అగుననియు అనుకొందము. లెక్క వేసినచో ఒక కిలో బియ్యమునకు సుమారు 300 యూనిట్లు దీపములకే కావలెను. యూనిట్ 4 రూపాయలకే దొరకినను కిలో బియ్యపు వెలుగు ఖర్చు 1,200 రూపాయలు! విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవలెను. అంకెలను మార్చి చూడవలెను. వరివంటి మొక్క పుచ్చుకొన్న కాంతిలో 9, 10 శాతమునకు మించి నిలువచేయజాలదని శాస్త్రజ్ఞులు సిద్ధాంతరీత్యా తేల్చినారు. ఆ గరిష్ఠమునే అందుకొన్నామనుకొన్నను 150 యూనిట్లకు తగ్గదు.

దీనిని మన నేలపై పెట్టి చూతము. పూర్వపు కర్నూలు జిల్లాలో 2017లో పూర్తియైన సౌరవిద్యుత్ పార్కు 1,000 మెగావాట్లది. విస్తీర్ణము 5,932 ఎకరములు. అది దినమునకు సుమారు 45 లక్షల యూనిట్ల నిచ్చుననుకొన్నచో, ఆ విద్యుత్తునంతను దీపపు వరికి ధారపోసిన యెడల దినమునకు 15 టన్నుల బియ్యము. సంవత్సరమునకు 5,475 టన్నులు. ఎకరమునకు లెక్కించినచో టన్నుకంటె తక్కువ. ఎకరమునకు 25 క్వింటాళ్ల ధాన్యము పండించు మన సామాన్య రైతు ఒక్క పంటలో సుమారు 16 క్వింటాళ్ల బియ్యము తీయుచున్నాడు. గరిష్ఠ సామర్థ్యపు ఉదారమైన లెక్క పట్టినను, ఎకరము ఫలకములు ఎకరము పొలపు ఒక్క పంటకు కాస్త అటునిటు సమానమగును. అదియు శీతలయంత్రమును లెక్కలోనికి తీసికొనకుండ, మేడ కట్టుబడి లేకుండ. భూమిని ఆదా చేయునన్న సేద్యము పొలమును ఊరినుండి ఎత్తివేసి, దానికంటె పెద్దదైన ఫలకముల పొలమును వేరొక ఊరిలో పరచుచున్నది.

కర్నూలు పార్కు రాళ్లనేలపై ఉన్నది గనుక వరిపొలముతో పోల్చుట తగదని అనవచ్చును. నిజమే. ఆ నేల విద్యుత్తు పండించుటకు మేలైన నేల. అయినచో ఆ విద్యుత్తును రైలు నడుపుటకు, మర త్రిప్పుటకు, బావినుండి నీరు తోడుటకు వాడవలెను. సూర్యుడు ఊరక చేయుచున్న పనినే తిరిగి చేయించుటకు వాడనేల?

లోకానుభవము

లెక్క తప్పని తేల్చుటకు లోకమున ప్రయత్నములు జరుగకపోలేదు. అమెరికాలోని ఏరోఫార్మ్స్ సంస్థ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరి, పునర్వ్యవస్థ జరుపుకొని బయటపడినది. జర్మనీలో పుట్టిన ఇన్‌ఫార్మ్ 2022 నవంబరులో సగమునకు మించిన ఉద్యోగులను తొలగించినది. బవరీ 2024 నవంబరులో మూతపడినది. ప్లెంటీ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరినది. వడ్డీలు పెరుగుట, పెట్టుబడులు తగ్గుట మొదలగు కారణములు పెక్కు కలవు. కాని 2022లో ఐరోపాలో విద్యుత్ ధరలు మండిపోయినప్పుడు ఈ సేద్యము ఎంత సన్నని దారముపై నిలిచియున్నదో లోకమునకు తెలిసినది. వీరందరు పండించినది ప్రధానముగా ఆకులేయని గుర్తుంచుకొనవలెను. మన హైదరాబాదులో గత దశాబ్దపు చివర బయలుదేరిన అర్బన్ కిసాన్ సంస్థయు నీటిసేద్యముతో అందించినది ముఖ్యముగా ఆకుకూరలు, సలాడు ఆకులు. ఇవి పట్టణవాసి పళ్లెమున ఒక మూల అలంకరించును; పళ్లెమును నింపవు.

దీపపు సేద్యమునకు తగిన చోటు

కాబట్టి ఈ విద్య నిరర్థకమా? కాదు. పంటకు కిలోల లెక్కన గాక మరొక విధముగ విలువ కట్టు చోట దీపము రాణించును. మన నగరపు పశ్చిమాన పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో రాపిడ్‌జెన్ అను సదుపాయము కలదు. అచ్చట కాంతిని, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచి పప్పుధాన్యముల తరములను త్వరత్వరగా గడుపుదురు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దినమునకు 22 గంటల వెలుగునిచ్చి గోధుమను ఏడాదికి ఆరు తరములవరకు పండించిన విధానమును 2018లో ప్రకటించినారు. అచ్చట పండునది తిండి కాదు, క్రొత్త వంగడము. గుప్పెడు గింజలు చాలును. అవి తరువాత లక్షల ఎకరములలో ఎండక్రిందనే పెరుగును. నారుమళ్లు, కణజాల వర్ధనము వంటి పనులకు కూడ ఇదే న్యాయము.

సౌరవిద్యుత్తునకు, సేద్యమునకు సంబంధము కుదుర్పదలచినవారికి మరియొక మార్గము కలదు. 1981లో జర్మన్ శాస్త్రజ్ఞులు గెట్జ్‌బర్గరు, జాస్ట్రో ఫలకములను ఎత్తున నిలిపి, ఎడముగా పరచి, క్రింద పైరు వేయవచ్చునని సూచించినారు. మధ్యాహ్నపు ఎండలో వరి, కూరగాయల వంటి మొక్కల పై ఆకులు పడిన వెలుగంతయు వాడుకొనలేవు, కొంత వ్యర్థమగును. ఆ మిగులును ఫలకము పట్టుకొన్నచో పైరునకు పెద్ద నష్టము లేదు, మండువేసవిలో తేమ కూడ నిలుచును. జోధ్‌పూరులోని కేంద్ర శుష్కప్రాంత పరిశోధన సంస్థలో 2017నుండి ఇట్టి ఏర్పాటు కలదు. ఇచ్చట ఫలకము సూర్యునికి, మొక్కకు నడుమ దళారి కాదు, పొరుగువాడు.

బోయినపల్లి పాఠము

సికింద్రాబాదు పిల్లలకు నేను ఒక చోటు చూపదలచుకొన్నాను. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో అమ్ముడుపోని, కుళ్లిన కూరగాయలనుండి వాయువును తీసి విద్యుత్తు పుట్టించుచు వచ్చినారు. దానికి విధానము నిచ్చినది మన భారత రసాయన సాంకేతిక సంస్థ. 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున చెప్పిన అంకెల ప్రకారము దినమునకు సుమారు 10 టన్నుల వ్యర్థమునుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధనము వచ్చుచుండెను.

ఇది మెచ్చదగిన పని. చెత్తకుప్పకు పోవలసినది దీపమగుచున్నది. కాని ఆ 500 యూనిట్లను తీసికొని దీపపు సేద్యము చేసినచో వచ్చునది 50 కిలోల సలాడు ఆకు; బియ్యమైనచో రెండు కిలోలకు లోపు. పది వేల కిలోల కూరగాయలొక వైపు, యాభై కిలోల ఆకులొక వైపు! ఆ పది టన్నులను పండించుటకు పొలము ఎంత సూర్యుని ఊరక త్రాగినదో ఈ ఒక్క పోలికవలన తెలియును. పొలము మనకు ఎన్నడును బిల్లు పంపదు. అందుచేతనే దాని విలువ మనకు కనబడుట లేదు.

ఈ విమర్శ వ్రాయుటకు కారణమదియే. సికింద్రాబాదుకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు నగరమునకు కూరగాయలను, ద్రాక్షను పంపినవి. అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పుట్టిల్లు ఈ హైదరాబాదే. నేడు ఆ దారిలో పోవువారికి తోటలకంటె ఇండ్ల స్థలముల హద్దురాళ్లు ఎక్కువ కనబడును. “నగరమే తన కూడు తాను మేడలో పండించుకొనును” అని పదవ తరగతి బాలుడు నమ్మినచో, పెరిగిన పిదప ఊరి చివర చెరువు క్రింది పొలము ప్లాట్లగుచుండగా అతనికి చీమ కుట్టినట్లైనను ఉండదు. తప్పుడు ఆశ పొలమును తినివేయును. అట్టి ఆశకు నేను బహుమతి వ్రాసితిని.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. ఇకమీదట ప్రదర్శనలో ఇట్టి నమూనా కనబడినచో దానిని త్రోసివేయకుడు. పిల్లల ఉత్సాహము గొప్పది. కాని మూడు ప్రశ్నలడుగుడు: ఈ శక్తి ఎచ్చటినుండి వచ్చుచున్నది? త్రోవలో ఎంత పోవుచున్నది? ఒక కిలోకు ఎన్ని యూనిట్లు? జవాబును అట్టపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. లెక్క తేలక నమూనా ఓడిపోయినను ఆ విద్యార్థి ఓడిపోడు.

ఆ నలుగురు బాలురను ఈ సంవత్సరము మరల కలిసికొని, ఈ లెక్కలన్నియు వారిచేతనే చేయించితిని. గంటసేపు కుస్తీపట్టి, చివరకు వారిలో ఒకడు లాంపును ఫలకముపైనుండి తీసి మొక్కలపైకి వంచినాడు. ఆ బాలిక ఇప్పుడు ఎనిమిదవ తరగతిలో ఉన్నది. ఆనాటి బహుమతిలో సగము ఆమెదని ప్రధానోపాధ్యాయునికి వ్రాసి పంపితిని.